పేపర్ల మనూరి పేరు

మా వనపర్తికి పేపరు కొత్తకోట మీదుగా వచ్చేది. హైదరాబాద్‌లో రాత్రి అచ్చయిన కట్టలు జడ్చర్ల, అడ్డాకుల దాటి కొత్తకోట చౌరస్తాలో దిగేవి. కర్నూలు పోయే బస్సు అక్కడ కాసేపే ఆగుతుంది. ఆ కాసేపట్లోనే టాపు మీంచి కట్టలు కిందపడాలి. చీటీ మీద నీలం పెన్సిలుతో రాసిన ఊరి పేరు చూసుకోవాలి. ఆత్మకూరు కట్ట మాదాంట్లో కలవకుండా పక్కకు లాగాలి. మా ఊరి మొదటి బస్సు కదిలేలోపు దాని టాపు మీదికి ఎక్కించాలి. ఆ బస్సు తప్పిందా, ఊరు ఊరంతా బారెడు పొద్దెక్కేదాకా పేపరు కోసం కాచుకోవాల్సిందే. బెజవాడ నుంచి వచ్చేవైతే మధ్యాహ్నానికి చేరేవి, వానాకాలంలో ఒక్కోసారి మర్నాటికి.

మా నాయిన పేపర్ ఏజెంటు. బస్టాండు పక్కన చెక్క డబ్బా, దాని ముందు ఒక బల్ల, రెండు సైకిళ్లు. ఇంతే ఏజెన్సీ అంటే. కట్ట విప్పేటప్పుడు పురికొసను కోసేవాడు కాదు. ముడిని గోటితో సడలించి, తాడంతా ఉండచుట్టి డబ్బా మూలన వేసేవాడు. అమ్ముడుపోని పేపర్లను తిరిగి పంపేటప్పుడు ఆ తాడే పనికొచ్చేది. కట్టలో పైన ఒకటి, కింద ఒకటి తాడు ఒరుసుకొని చినిగేవి. ఆ చినిగినవే మా ఇంటివి. నా చిన్నతనంలో అంచులు బాగున్న పేపరు మా ఇంట్లో చూసిన గుర్తు లేదు. తర్వాత మూల పట్టుకొని బొటనవేలితో అయిదేసి చొప్పున ఎంచేవాడు. ఆ చప్పుడును బట్టే లెక్క సరిపోయిందో లేదో చెప్పేవాడు. సిరా ఇంకా తడిగా ఉండేది కాబట్టి ఆయన వేళ్లు పగలంతా నల్లగానే ఉండేవి. కిరోసిన్ గుడ్డతో తుడుచుకొని అన్నానికి కూర్చునేవాడు.

1979 జులైలో స్కైలాబ్ పడుతుందన్న పుకారు లేచినప్పుడు మా డబ్బా ముందు నిలబడ్డ జనాన్ని నేను ఎన్నడూ మర్చిపోలేను. అది అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం. కక్ష్య తప్పి భూమి మీద పడబోతోంది. ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. ఊళ్లల్లో మేకలు, కోళ్లు కోసుకొని తిన్నారు, అప్పులిచ్చినవాళ్లు అప్పుల మాట మరిచారు. చదువు రానివాళ్లు కూడా పొద్దుగాలే వచ్చి డబ్బా ముందు కూర్చునేవారు. "యాడ పడ్తదంట? మా దిక్కు పడ్తదా? మా ఊరి పేరేమన్న రాసిండ్రా?" అని నాయినను అడిగేవారు. నాయిన మొదటి పేజీ మొత్తం గట్టిగా చదివి వినిపించేవాడు. విన్నవాళ్లు మళ్లీ అడిగేవారు, మళ్లీ చదివేవాడు. చివరికి అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడింది. ఆ వార్త వచ్చిన రోజు నాయిన తెచ్చిన కట్టలన్నీ చూస్తుండగానే అయిపోయినయి. ఒక్క ఊరి పేరు కోసం మనుషులు పేపరును అంతలా వెతుక్కోవడం అప్పుడే మొదటిసారి చూశాను.

మా తాతకు మాత్రం ఈ పేపర్లేవీ ఆనేవి కావు. ఆయన దృష్టిలో పేపరు అంటే గోలకొండ. "నీ కట్టలు ఎన్నన్న రానీ, మా గోలకొండ అసొంటిది వస్తదా?" అని నాయినతో అనేవాడు. అప్పటికే గోలకొండ పత్రిక ఆగిపోయి చాలా ఏళ్లయింది. తాత పెట్టెలో మాత్రం ఇంకా ఉండేది. ఇనుప పెట్టె, అడుగున వేపాకు పరిచి, పైన పాత ధోవతి కప్పి, మధ్యలో ఏడాదికో కట్ట. ముట్టుకుంటే మడతల దగ్గర పొడిపొడిగా రాలేది. అందుకని మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. తనే తీసి, మోకాళ్ల మీద పరుచుకొని, "సదువు బిడ్డా, గట్టిగ సదువు" అనేవాడు. ఆయనకు కళ్లు సరిగా కనపడవు. నేను చదువుతుంటే తర్వాతి వాక్యం నాకంటే ముందు తనే చెప్పేసేవాడు.

తాత ఊళ్లో పట్వారీ దగ్గర గుమాస్తా. చదివింది ఉర్దూ. రాసింది, లెక్కలు కట్టింది, దస్తావేజు తయారుచేసింది అంతా ఉర్దూలోనే. నిజాం రాజ్యంలో కచేరీ భాష అదే. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే. తెలుగు బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి. నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా 1921లో వచ్చిన గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు అడ్డం. సభకు ముందే అధ్యక్షుడెవరో, ఏం మాట్లాడతారో చెప్పి అనుమతి తీసుకోవాలి. అట్లాంటి రాజ్యంలో, రాజధాని నగరం నుంచి తెలుగులో ఒక పత్రిక టపాలో వచ్చి ఒక పల్లెటూరి గుమాస్తా చేతికి అందడమంటే ఏమిటో ఇప్పుడు చెప్పినా సగమే అర్థమవుతుంది.

గోలకొండ పత్రిక 1926 మే 10న హైదరాబాద్‌లో మొదలైంది. పెట్టింది సురవరం ప్రతాపరెడ్డి. "మన ఇటిక్యాలపాడు రెడ్డిగారు" అనేవాడు తాత, అలంపూర్ దిక్కున ఆ ఊరు ఉన్నదన్న గర్వంతో. అప్పటికి ఆయన రెడ్డి హాస్టల్ వ్యవహారాలు చూస్తుండేవారు. మొదట్లో వారానికి రెండుసార్లు వచ్చేది. వ్యాసాలు రాయడం దగ్గర నుంచి ప్రూఫులు దిద్దుకోవడం దాకా చాలా పనులు ఆయన మీదే. సంస్కృతం, తెలుగు, ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు వచ్చిన పండితుడు. మద్రాసులో చదువుకున్న లాయరు. ఆ చదువుతో ఎంత హాయిగా బతకొచ్చో తాతకు తెలుసు. అందుకే ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారేది.

గోలకొండకంటే ముందే మా తెలంగాణ జిల్లాల్లో పత్రికలు పుట్టాయన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1913లో మా పాలమూరులోనే బండారు శ్రీనివాసశర్మ 'హితబోధిని' అనే మాసపత్రిక నడిపారు. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు 'నీలగిరి' వారపత్రిక తెచ్చారు. అదే ఏడాది ఓరుగల్లు దిక్కు ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక మొదలుపెట్టారు. ఏ పట్నమూ కాదు, ఒక పల్లెటూళ్లో. నల్లగొండలో ఆ షబ్నవీసు గారే పత్రిక కంటే ముందు గ్రంథాలయం కూడా పెట్టారు. అవేవీ ఎక్కువ కాలం నిలవలేదు. చందాలు రావు, ప్రెస్సు ఖర్చు తగ్గదు, పైన సర్కారు కన్ను. గోలకొండ మాత్రం నిలిచింది. జిల్లాల్లో చదివేవాళ్లు దాన్ని తమ ఇంటి పత్రిక అనుకున్నారు కాబట్టి నిలిచిందని నా నమ్మకం.

చేతితో అక్షరాలు పేర్చే రోజులవి. కంపోజిటరు ఎడమచేత్తో స్టిక్ పట్టుకొని, గళ్లగళ్ల కేసులోంచి సీసపు అక్షరం ఒక్కొక్కటే ఏరి అమర్చాలి. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు ఉంటాయి కదా, ఇంగ్లీషు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గళ్లు కావాలి. పైగా అక్షరాలన్నీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి ఉంటాయి. చిన్నప్పుడు మా ఊళ్లో పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సులో కూర్చొని ఈ పనిని గంటలకొద్దీ చూసేవాణ్ని. పెళ్లికొడుకు పేరులో ఒక ఒత్తు అరిగిపోయి ఉంటే దాని కోసం మొత్తం కేసు వెతికేవాడు అక్కడి కంపోజిటరు. తాత పెట్టెలోని గోలకొండ పేజీలో చివరి గీత దాకా నిండిన అక్షరాలను చూసినప్పుడల్లా ఆ చేయి గుర్తొచ్చేది.

తాత ఎన్నిసార్లు చదివించుకున్నా తనివితీరని సంగతి ఒకటుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకాయన రాశారట. ప్రతాపరెడ్డి గారు దానికి తిట్టుతో జవాబు చెప్పలేదు. జిల్లాల నుంచి కవుల పద్యాలు, వివరాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు కవులను పోషించిన చోట్లు. గద్వాలను విద్వద్గద్వాల అనే పిలిచేవారు. అట్లాంటి చోట కవులు లేరంటే మావాళ్లకు ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి. తాత ఆ పేర్లు చదువుతుంటే మధ్యలో ఆపేవాడు. "ఈ ఊరు తెల్సా నీకు? పెబ్బేరు పోయే తొవ్వల" అనేవాడు. పద్యం కంటే ముందు ఊరు చూసేవాడాయన. నేను కూడా ఆ అలవాటునే పట్టుకున్నాను. ఏ పేపరు తీసినా ముందు డేట్‌లైన్, అంటే వార్త మొదట్లో ఉండే ఊరి పేరు, చూస్తాను.

రాత్రిళ్లు ఊరి చావడి దగ్గర కందిలి పెట్టుకొని తాత గోలకొండ చదివి వినిపించేవాడట. వినేవాళ్లలో సగం మంది దొర పొలంలో వెట్టి చేసి వచ్చినవాళ్లు. జీతం లేని చాకిరీ తప్పని, అట్లా చేయించుకోవడం అన్యాయమని అచ్చులో ఉన్నదని చెబితే, "అచ్చుల ఉన్నదా? నిజంగనేనా?" అని కాగితం మీద చేయి పెట్టి చూసేవారట. అక్షరం రాదు, అయినా ఆ చోటు ముట్టుకుని చూడాలి. ఈ మాట చెప్పేటప్పుడు తాత కూడా తన అరచేతిని పేజీ మీద పరిచి చూపించేవాడు.

1947లో గోలకొండ దినపత్రిక అయింది. ఆ ఏడాదీ ఆ మరుసటి ఏడాదీ హైదరాబాద్ రాజ్యంలో ఎట్లా గడిచాయో అందరికీ తెలుసు. రజాకార్ల దౌర్జన్యం ఊళ్లమీద పడ్డది. 1948 ఆగస్టులో ఉర్దూ దినపత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో రాత్రిపూట దారికాచి నరికి చంపారు. ఇండియాలో కలవాలని రాసినందుకు. రాసే చేతినే నరికారని తాత చెప్పేవాడు. ఆ వార్త విన్నాక తాత తన గోలకొండ కట్టలను గుమ్మిలో జొన్నల అడుగున దాచాడు. ఎవరూ వచ్చి వెతకలేదు. కానీ పోలీసు చర్య అయ్యేదాకా అవి జొన్నల కిందనే ఉన్నాయి. బయటికి తీసినప్పుడు కాగితాల నిండా జొన్నపొట్టు.

1952లో మొదటి ఎన్నికల్లో ప్రతాపరెడ్డి గారు మా వనపర్తి నుంచే శాసనసభకు గెలిచారు. తాత తన జీవితంలో వేసిన మొదటి ఓటు అది. మరుసటి ఏడాది ఆగస్టు 25న ఆయన కన్నుమూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి అవార్డు ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కే వచ్చింది, అప్పటికి ఆయన లేరు. పత్రిక ఆ తర్వాత మరికొన్నేళ్లు నడిచి 1960ల్లో ఆగిపోయింది. అది ఆగిన సంగతి తాత ఎప్పుడూ తన నోటితో చెప్పలేదు. "ఆ తర్వాత టపా రాలే" అని మాత్రం అనేవాడు.

నాయిన ఏజెన్సీ పెట్టిన రోజుల్లో పేపర్లలో మా దిక్కు వార్త రావడం అరుదు. కాలువలకు నీళ్లు వదిలిన తేదీలు, వరి ధరలు, సముద్రతీరపు తుఫానులు, ఇవే ఎక్కువ. మా దగ్గర కాలువ లేదు, వాన రాకపోతే జొన్న కూడా లేదు. మనుషులు గుంపులు గుంపులుగా మేస్త్రీల వెంట డ్యాముల పనికి దేశమంతా పోయేవారు. పాలమూరు కూలీలు తట్ట మోయని పెద్ద ప్రాజెక్టు ఈ దేశంలో ఉందా అని అడగాలనిపిస్తుంది నాకు. ఎక్కడైనా కట్ట కూలితే, బండ పేలితే, ఇక్కడ మా డబ్బా ముందు ఆడవాళ్లు వచ్చి నిలబడేవారు. ఎక్కడో రెండు వాక్యాల్లో 'కూలీలు' అని ఉంటుంది. పేర్లుండవు, ఊళ్లుండవు. నాయిన ఆ రెండు వాక్యాలే పదేపదే చదివి, ఆ పని మన మేస్త్రీదేనా కాదా అని వాళ్లతో కలిసి లెక్కలు వేసేవాడు.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తన్ని కొల్లాపూర్, అలంపూర్ తాలూకాల ఊళ్లు మునిగినప్పుడు, 1981 ఆ ప్రాంతంలో, ఇంకో రకం జనం వచ్చారు. భూసేకరణ ప్రకటనలు పేపర్లో చిన్నచిన్న అక్షరాల్లో వచ్చేవి. సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఊరి పేరు. కృష్ణ ఒడ్డున భూమి ఉన్న ఒక ముసలాయన వారం వారం వచ్చి, ఆ ప్రకటనలు పాతవి కూడా తీయించి చదివించుకునేవాడు. ఒకరోజు ఆయన ఊరి పేరు కనిపించింది. నాయిన వేలు పెట్టి చూపించాడు. ఆయన చాలాసేపు అట్లాగే చూసి, "మునిగిపోయినంక పేపర్లకెక్కిందా మా ఊరు" అన్నాడు. ఆ కాగితం ముక్కను నాయిన కత్తిరించి ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు.

తాత పోయింది కూడా ఆ రోజుల్లోనే.

1989లో ఈనాడు జిల్లా పేపర్లు మొదలుపెట్టింది. మెయిన్ పేపరు మధ్యలో సగం సైజులో చిన్న పేపరు. మా డబ్బా దగ్గర పని రెట్టింపయింది. తెల్లవారక ముందే కూర్చొని పెద్దదాంట్లో చిన్నది దూర్చాలి. అయినా నాయిన ముఖంలో అలుపు లేదు. మొదటిరోజు ఆ చిన్న పేపరును నిలబడే చదివాడు. కురుమూర్తి జాతర, గాంధీచౌక్‌లో మోరీ, పాలిటెక్నిక్ కాలేజీ పిల్లల ఆటలపోటీ, ఖిల్లాఘనపురం బోరుబావులు, ఇట్లాంటివన్నీ ఆ పేజీల్లోకి ఎక్కడం మొదలైంది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. ఊరికో విలేకరి వచ్చాడు. సాయంత్రం వార్తలు రాసి, కవరులో పెట్టి, మీద 'ప్రెస్, అర్జెంట్' అని రాసి హైదరాబాద్ బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. నేనూ డిగ్రీ చదువుతూ కొన్నాళ్లు ఆ పని చేశాను. అచ్చయినదానికి లెక్కకట్టి ఇచ్చే లైన్ అకౌంట్ చాయ్ ఖర్చుకే సరిపోయేది. అయినా రాసింది పొద్దున్నే నాయిన చేతి మీదుగా ఊళ్లో పంచబడుతుంటే ఆ తృప్తి వేరు. మా డబ్బా ముందు ఒకామె తన బిడ్డకు పదో తరగతిలో మార్కులు బాగా వచ్చిన వార్త పట్టుకొని, చదవడం రాక, పేరు ఎక్కడుందో చూపించమని అడిగింది. చూపిస్తే ఆ చోట చేయి పెట్టింది. చావడి దగ్గర తాత చూసిన చేతులు ఇవేనేమో అనిపించింది నాకు.

ఇప్పుడు మా డబ్బా లేదు. 2020 లాక్‌డౌన్‌లో పేపర్లు పలుచబడ్డాయి, జిల్లా పేజీలు మెయిన్‌లోనే కలిసిపోయాయి, చందాదారులు చాలామంది ఫోన్‌కు మారారు. నాయిన అంతకు ముందే మానేశాడు. తాత పెట్టెలో చెదలు పట్టి కొన్ని కాగితాలే మిగిలాయి. వాటిని ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకున్నాను. ప్రెస్ అకాడమీ వాళ్లు పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి నెట్‌లో పెట్టినప్పుడు అందులో గోలకొండ కూడా కనిపించింది. ఆ రాత్రి నిద్రపోలేదు. మసకగా, ఒక పక్కకు ఒరిగి, అక్కడక్కడ అక్షరాలు ఎగిరిపోయి ఉన్నా, అదే పత్రిక.

నేను అందులో వెతుకుతున్నది ఒకే ఒక్క వార్త. తాత ఒకసారి మా ఊరి మంచినీళ్ల బావి సంగతి గోలకొండకు రాసి పంపాడట. ఊరవతలి వాళ్లను ఆ బావి దగ్గరికి రానివ్వడం లేదని, ఎండాకాలం వాళ్లు వాగులో చెలిమలు తీసుకొని తాగుతున్నారని. కింద తన పేరు పెట్టలేదు, ఉద్యోగం పోతుందని. "ఒక గ్రామస్థుడు" అని పెట్టాడు. అచ్చయిందట. ఏ ఏడాదో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన మాటలను బట్టి పెళ్లయిన కొత్తలో, అంటే 1930ల మొదట్లో అయి ఉండాలి. స్కాన్లలో ఆ ఏళ్ల సంచికలు కొన్ని ఉన్నాయి, మధ్యమధ్య లేవు. ఉన్నవి పేజీ పేజీ చూస్తున్నాను. ఊళ్ల వార్తలు ఎక్కువగా లోపలి పేజీల్లో ఉంటున్నాయి.

గద్వాల, అలంపూర్, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, దేవరకొండ, మిర్యాలగూడ దిక్కున పాత ఇళ్లల్లో, గ్రంథాలయాల బీరువాల్లో గోలకొండ, నీలగిరి కట్టలు ఇంకా ఉండి ఉంటాయి. ఇల్లు పడగొట్టేటప్పుడు, అటక దులిపేటప్పుడు పాత కాగితాలోళ్లకు కిలోల లెక్కన వేసేముందు ఒక్కసారి మొదటి పేజీ చూడండి. ఫోన్‌తో ఫొటో తీసినా చాలు. వెలుతురు పక్క నుంచి పడేట్టు, మడతలు విప్పకుండా తీయండి, విప్పితే విరిగిపోతాయి. 1930 నుంచి 1936 మధ్య సంచికలు దొరికితే నాకు కబురు పంపండి, నేనే వచ్చి చూసుకుంటాను.